మేనల్లుడికి, తొమ్మిది స్ట్రైకౌట్ల తర్వాత

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ చూశా. మూడు బేస్‌బాల్ ఆటలు, పన్నెండు సార్లు ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దగ్గరకెళ్తే తొమ్మిది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి అవుటవ్వడం), ఒక్క హిట్ లేదు, నిన్ను చూడ్డానికొచ్చిన స్కౌట్, అదే టీముల కోసం ఆటగాళ్ళని వెతికేవాడు, ఆట అయిపోకముందే కుర్చీ మడిచేసి వెళ్ళిపోయాడు, ఇక నా వల్ల కాదు మావయ్యా అన్నావు. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఫోన్లో అయితే నువ్వు ఊ కొట్టి పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. మనబడి తెలుగు క్లాసుల్లో నాలుగేళ్ళు చదివావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా, అర్థం కానిచోట మీ అమ్మని అడుగు, అది కూడా చదవాలనే నా ఉద్దేశం, అందుకే ఆట మాటలు కూడా విడమరిచి రాస్తున్నా.

నేను బేస్‌బాల్ ఆడినవాణ్ణి కాదని నీకు తెలుసు. తెనాలిలో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుకుని 1994లో క్లీవ్‌లాండ్ వచ్చి పడ్డా. ఆ ఏడే ఇక్కడ జేకబ్స్ ఫీల్డ్ స్టేడియం తెరిచారు, ఆఫీసులో ఒకాయన టికెట్ మిగిలిపోయిందని చేతిలో పెడితే వెళ్ళా, ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. తర్వాత పదిహేడేళ్ళు మా టౌన్లో పిల్లల టీములకి కోచింగ్ చేశా, రోజుకి రెండొందల బంతులు విసిరి విసిరి ఇప్పుడు చొక్కా వేసుకోవాలన్నా కుడి భుజం సణుగుద్ది. బ్యాట్ పట్టుకున్నోడి మొహం అరవై అడుగుల దూరం నుంచి కొన్ని వేలసార్లు చూశాను, భయపడ్డోడెవడో ఆత్రపడ్డోడెవడో ఆ మొహంలోనే తెలిసిపోద్ది. నీది ఆత్రం.

మీ నాన్న పంపిన వీడియోలు రెండుసార్లు చూశా. ఆ తొమ్మిదిట్లో ఒకటి అంపైర్ పుణ్యం, దాన్ని వదిలెయ్. రెండు సార్లు మంచి బంతికే ఆడి మిస్ అయ్యావు, దానికి సిగ్గుపడక్కర్లేదు, అవతలోడు కూడా అన్నం తినే వచ్చాడు కదా. మిగతా ఆరూ ఒకటే కథ, ప్లేట్ ముందు మట్టిలో పడే స్లైడర్‌కి (చివర్లో పక్కకీ కిందకీ తిరిగే బంతి) సగం వంగిపోయి ఊపావు. స్కౌట్ కుర్చీ మడిచింది ఆ ఆరు చూసేరా. నీ బలం వాడికి బ్యాటింగ్ ప్రాక్టీసులోనే కనపడింది, నువ్వు రైట్ ఫీల్డ్ కంచె అవతల పార్కింగ్‌లోకి కొట్టినవి చూసే కదా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బలం ఉన్న కుర్రాళ్ళు వాడికి ప్రతి ఊళ్ళో నలుగురు దొరుకుతారు.

నీకు జిమ్ టోమీ గురించి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నీలాగే ఎడంచేతి బ్యాటర్, ఇల్లినాయ్‌లో పియోరియా అనే ఊరివాడు, జూనియర్ కాలేజీలో ఆడుతుంటే 1989 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, 13వ రౌండ్‌లో మా క్లీవ్‌లాండ్ టీమ్ తీసుకుంది, అప్పటికి అతని ముందు 332 మంది పేర్లు చదివేశారు. ఆ వేసవి కొత్తవాళ్ళ రూకీ లీగ్‌లో ఆడాడు, ఎన్ని హోమ్ రన్లు (మన క్రికెట్లో సిక్సర్ లాంటివి) కొట్టాడో తెలుసా, సున్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. తర్వాత 22 సీజన్లు అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో ఆడి 612 కొట్టాడు, ఇవాళ్టికీ మొత్తం చరిత్రలో ఎనిమిదో స్థానం అతనిదే. 1999లో మా స్టేడియంలోనే ఒకటి 511 అడుగులు కొట్టాడు, ఇప్పుడు అక్కడ అతని విగ్రహం ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా.

విగ్రహం కింద రాయని లెక్క ఇంకోటుంది. అతను ఆడిన ఆటలు 2543. అయిన స్ట్రైకౌట్లు 2548. అంటే ఆటకొకటి చొప్పున అయ్యాక ఇంకో ఐదు కొసరు. రెజ్జీ జాక్సన్ ఒక్కడే ఇంతకంటే ఎక్కువ అయినవాడు, అతను కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే (ఆటలో గొప్పవాళ్ళకిచ్చే శాశ్వత గౌరవం) ఉన్నాడనుకో. మరి రోజూ తల దించుకుని డగౌట్‌కి నడిచిన మనిషిని 2018లో మొదటి ఓటింగ్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎందుకు పంపారంటే, 612 ఒక కారణం, రెండోది 1747 వాక్‌లు. స్ట్రైక్ కాని బంతి జోలికి పోకుండా తిన్నగా ఫస్ట్ బేస్‌కి నడిచివెళ్ళినవి 1747 సార్లు. అతని బ్యాటింగ్ సగటు చూస్తే 276, అంటే వాక్‌లు పోను వెయ్యిసార్లకి 276 హిట్లు, వందసార్లు ప్లేట్ దగ్గరకెళ్తే నలభైసార్లు బేస్ మీద ఉండేవాడు. బంతి విసిరే పిచర్‌కి అతనంటే భయం, ఆ భయంతో అంచుల్లో వేస్తాడు, అంచుల్లో వేసింది ఇతను వదిలేస్తాడు, చివరికి వాడు గత్యంతరం లేక నడిమధ్యకి రావాల్సిందే. నువ్వేమో వాడికి ఆ కష్టమే లేకుండా మట్టిలో వేసిన బంతికే అవుటైపోతున్నావు.

అతను బ్యాటింగ్‌కి రావడం నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. మోకాళ్ళ దాకా లాగిన సాక్సు, కాలితో మట్టి రెండుసార్లు గీరి, కుడిచెయ్యి ఒక్కటే చాచి బ్యాట్‌ని పిచర్ మీదుగా సెంటర్ ఫీల్డ్ వైపు చూపించి ఒక్క క్షణం అలా ఆగేవాడు. మొదట్లో నాకు పొగరనిపించింది, అదుగో అక్కడ కొడతా అంటున్నాడేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, 1993లో మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కిందదైన ట్రిపుల్-ఏ లో చార్లట్ టీమ్‌లో ఉన్నప్పుడు అక్కడి మేనేజర్ చార్లీ మాన్యుయల్ ఒక సినిమాలో హీరో అలా చేయడం చూసి ఇతనికి చెప్పాడట, ఇతను బాక్సులో మరీ బిగుసుకుపోతున్నాడని, భుజాలు వదులవ్వాలని. అంతేరా, అది ఊపిరి తీసుకునే పద్ధతి. నువ్వు మూడో బంతికి వచ్చేసరికి బ్యాట్‌ని ఎలా పిసుకుతున్నావో వీడియోలో గ్లవ్ మీద ముడతలు కూడా కనపడ్డాయి. నీకూ అలాంటిదొకటి కావాలి, బ్యాటే చూపించక్కర్లేదు, ఏదైనా సరే, కానీ ప్రతి బంతికీ ముందు అదే చెయ్యి.

సరే, పని మాటకొద్దాం. తొంభై అయిదు మైళ్ళ బంతి పిచర్ చేతిలోంచి నీ దగ్గరకి రావడానికి సెకనులో పది భాగాలు చేస్తే నాలుగు భాగాలు పడుద్ది. అందులో నీ స్వింగ్‌కే ఒకటిన్నర పోద్ది. మిగిలిన కాస్తలో అది ఏ బంతో ఎక్కడ పడుద్దో తేల్చుకోవాలి. ఆ టైములో ఆలోచన కుదరదు, కన్నుకి అలవాటవ్వాలంతే. దానికి చాలామంది చెయ్యని పని ఒకటి చెప్తా, బోరుగా ఉంటది. మీ టీమ్ పిచర్లు బుల్‌పెన్‌లో (వాళ్ళు ప్రాక్టీసు చేసుకునే చోటు) వేసుకునేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని బ్యాట్ పట్టుకుని వెళ్ళి ప్లేట్ పక్కన నిలబడు. ఊపకు. రోజుకి ముప్పై బంతులు ఊరికే చూడు, చేతిలోంచి వదలగానే గట్టిగా పైకి అను, ఫాస్ట్‌బాల్, స్లైడర్, స్ట్రైక్, బాల్ (అంటే స్ట్రైక్ కానిది) అని, క్యాచర్ తప్పో ఒప్పో చెప్తాడు. మొదటి వారం సగం తప్పులు చెప్తావు, మిగతావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆరు వారాలయ్యాక మట్టిలో పడే స్లైడర్ వాడి చేతిలోంచి వచ్చేటప్పుడే కాస్త వేరేగా కనపడుద్ది, ఎలాగని నన్నడగొద్దు, నేను కోచింగ్ ఇచ్చిన పిల్లల్లో దీన్ని ఓపిగ్గా చేసినవాళ్ళు నలుగురే, ఆ నలుగురూ చెప్పిన మాట ఇది.

ఇంకోటి, కాళ్ళకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఉంటది కదా, ప్రాక్టీసులో దాన్ని బ్యాట్ లావుగా ఉన్నచోట కొట్టు, తెల్లగా పూత పడుద్ది. బంతి తగిలినచోట గుండ్రంగా చెరుగుద్ది. ఇరవై బంతులయ్యాక చూసుకో, మచ్చలన్నీ ఒకచోట అరచేతంత మేర ఉంటే నీ స్వింగ్ బాగున్నట్టే. చివరకీ హ్యాండిల్ వైపుకీ చెల్లాచెదురుగా ఉంటే ఎంత దూరం కొట్టావన్నది అనవసరం. అల్యూమినియం బ్యాట్ ఈ తప్పులన్నీ కప్పెట్టేస్తది, చెక్క బ్యాట్ దాచదు, హ్యాండిల్ దగ్గర తగిలితే చేతులు జివ్వుమంటాయి, లేకపోతే విరిగి చేతికొస్తది. డబ్బులిచ్చే ఆట అంతా చెక్క బ్యాట్‌తోనే, కాబట్టి వారంలో రెండ్రోజులైనా దాంతో కొట్టు.

స్ట్రైకౌట్లు పూర్తిగా పోతాయని మాత్రం ఆశ పెట్టుకోకు. ఆరన్ జడ్జ్ 2016లో న్యూయార్క్ యాంకీస్ టీముకి వచ్చినప్పుడు 84 అట్-బ్యాట్లలో (వాక్‌లు లాంటివి పోను బ్యాటింగ్ చేసిన సార్లు) 42 స్ట్రైకౌట్లు, సగటు 179. సరిగ్గా సగం సార్లు. మరుసటేడు 52 హోమ్ రన్లు కొట్టి రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి కొత్త ఆటగాళ్ళలో మేటి) అయ్యాడు, ఆ ఏడు కూడా 208 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, కానీ 127 వాక్‌లు తీసుకున్నాడు. 2022లో 62 హోమ్ రన్లు కొట్టినోడు అతనే. కాబట్టి ఎన్ని అయ్యావన్నదానికంటే ఏ బంతికి అయ్యావో రాసుకో. చిన్న నోటుబుక్ పెట్టుకో, ఫోన్లో వద్దు, ఫోన్ తెరిస్తే నువ్వు ఇన్‌స్టాలోకి పోతావు.

ఇక స్వింగ్ మార్చేస్తామని వచ్చేవాళ్ళ సంగతి. దీనికి మా ఇంట్లో కథే ఉంది, మా అబ్బాయి, అదే మీ బావ గురించి నీకు పూర్తిగా తెలియదు. వాడు తొమ్మిదో క్లాసులో ఉండగా బంతి బాగా కొట్టేవాడు, నేనేమో ఆశపోతుని, గంటకింత అని తీసుకునే ఒక హిటింగ్ కోచ్ దగ్గర చేర్పించా. ఆయన నిలబడే తీరు, చేతులు, కాలు, అన్నీ ఒకేసారి మార్చేశాడు, బంతిని పైకి లేపాలి పైకి లేపాలి అని. ఆ సీజన్లో వాడికి ఏదీ తగల్లేదు. ఆయన్ని అనుకుని లాభం లేదు, అంతకంటే పెద్ద తప్పు నేను చేశా. ఆట అయ్యాక ఇంటికి నలభై నిమిషాల డ్రైవ్, ఆ నలభై నిమిషాలూ నేను మాట్లాడుతూనే ఉండేవాణ్ణి, మోచెయ్యి దించావు, తల లేపావు, ఆ బంతికెందుకు ఆడావు అని. వాడు కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. పదహారేళ్ళకి ఒకరోజు బ్యాగ్ గరాజ్‌లో పెట్టి ఇక ఆడను నాన్నా అన్నాడు. ఆ బ్యాగ్ ఇంకా అక్కడే ఉంది, జిప్పు కూడా తియ్యలేదు. చెల్లెమ్మా, ఈ పేరా నీకూ బావగారికీ. కారులో ఏం మాట్లాడకండి, ఏం తింటావురా అని అడగండి చాలు.

మార్పు వద్దని కాదురా, ఒకసారి ఒక్కటే మార్చు, అది పట్టుబడేదాకా ఇంకోదాని జోలికి పోకు. హోసే బౌటిస్టా అని డొమినికన్ కుర్రాడు, 20వ రౌండ్‌లో తీసుకున్నారు, 2004లో ఒక్క సీజన్లోనే నాలుగు టీములకి ఆడాడు, ఎవరికీ అక్కర్లేని సరుకులాగా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి. అప్పటిదాకా ఒక ఏడాదిలో అతను కొట్టిన హోమ్ రన్లు ఎక్కువలో ఎక్కువ 16. టొరంటో వెళ్ళాక కోచ్‌లు చెప్పింది ప్రధానంగా ఒకటే, నువ్వు ఆలస్యంగా మొదలెడుతున్నావు, ఇంకాస్త ముందే మొదలుపెట్టు అని. కాలు ముందే లేపడం అలవాటు చేసుకున్నాడు. 2010లో 54 కొట్టాడు, అప్పటికి అతనికి 29 ఏళ్ళు. నీకు పద్దెనిమిది.

డ్రాఫ్ట్ గురించి మీ నాన్న నాకు ఎక్సెల్ షీట్ పంపాడు, బావగారు కదా, షీట్ లేకుండా పెళ్ళికి కూడా ఒప్పుకోలేదు. నా లెక్క ఇది. డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లు, ఆరొందల మందికి పైగా తీసుకుంటారు, అందులో ఎక్కువమంది మేజర్ లీగ్‌లో ఒక్కరోజు కూడా ఆడరు. పదో రౌండ్ దాటాక లక్షన్నర డాలర్ల పైన సంతకం బోనస్ ఇస్తే అది టీమ్ బోనస్ పూల్‌లో (కొత్తవాళ్ళకి ఇవ్వడానికి టీముకున్న కోటా) కోత పడుద్ది కాబట్టి ఆ లోపే మాట్లాడతారు, అందులో టాక్స్, ఏజెంట్ పోను ఎంత మిగులుద్దో షీట్లో వెయ్యమను. తర్వాత జీతం, 2023 ఒప్పందంలో సింగిల్-ఏ లో ఏడాదికి 26,200, డబుల్-ఏ లో 30,250, ట్రిపుల్-ఏ లో 35,800 డాలర్లు. 2022 నుంచి ఉండటానికి చోటు టీములే ఇస్తున్నాయి, అదొక్కటే నయం. పైకి ఎక్కితే కథ వేరు, 2025లో మేజర్ లీగ్ కనీస జీతమే 7,60,000. కానీ ఆ రెండింటి మధ్య రాత్రి బస్సులు, ఊరుగాని ఊళ్ళు, పక్క మంచం మీద నీ స్థానం కోసమే పోటీపడే కుర్రాడు.

అర్జున్ నిమ్మల లాగా నిన్ను మొదటి రౌండ్‌లో పిలిస్తే నేనే వచ్చి పెన్ను ఇస్తా. 2023లో పదిహేడేళ్ళకే టొరంటో టీమ్ వాళ్ళు అందరిలో 20వ పేరుగా తీసుకున్నారు, మన తెలుగువాళ్ళ పిల్లాడు, ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ నిద్రపోలేదు, అప్పటిదాకా బేస్‌బాల్ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా అతను ఆడే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) అంటే వికెట్ కీపరా అని అడిగారు. కానీ అలాంటి పిలుపు రాకపోతే మాత్రం కాలేజీకే వెళ్ళు. నాలుగేళ్ళ కాలేజీ అయితే మూడో ఏడు అయ్యాక గానీ, లేదా 21 ఏళ్ళు వస్తే గానీ మళ్ళీ డ్రాఫ్ట్‌కి రాలేవు. జూనియర్ కాలేజీ అయితే ఏటా రావచ్చు, టోమీ వచ్చింది ఆ దారిలోనే, దాన్ని తక్కువ చేసి చూడొద్దని మీ అమ్మకి చెప్పు, పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏ కాలేజీ అంటే ఏం చెప్పాలా అనే కదా దాని బెంగ. ఎవడైనా ఏజెంట్‌నని కాయితం తెస్తే మాత్రం కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకి (ఆట నిబంధనలు చూసేవాళ్ళు) ఫోన్ చెయ్యకుండా సంతకం పెట్టకు.

ఒంటి సంగతి. అడ్డదారి జోలికి, అదే స్టెరాయిడ్ల లాంటి నిషేధించిన మందుల జోలికి పోకు. మేజర్ లీగ్‌లో మొదటిసారి దొరికితే 80 ఆటల నిషేధం, రెండోసారి 162, మూడోసారి జన్మలో ఆడనివ్వరు. 583 హోమ్ రన్లు కొట్టిన మార్క్ మెక్‌గ్వైర్ స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు, పదేళ్ళు హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో నిలబడి ఒక్కసారి కూడా పావువంతు ఓట్లు తెచ్చుకోలేకపోయాడు. నీకు ఆ బుద్ధి లేదని తెలుసు, నా భయం అమ్మమ్మ గురించి. బెజవాడలో ఎవరో ఇచ్చారని కండపుష్టి చూర్ణం ఒకటి డబ్బాలో పంపింది కదా, అది పారెయ్, అమ్మమ్మకి తాగుతున్నానని చెప్పు. అందులో ఏం కలిపారో ఆ అమ్మినవాడికే తెలియదు, రేపు టెస్టులో తేలితే అమ్మమ్మ పేరు చెప్తే ఎవడూ వినడు. ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ అని ముద్ర ఉన్నవి తప్ప ఏ పౌడరూ వద్దు. సున్నుండలు తిను, వాటికి ఏ నిషేధం లేదు.

ఇంకో సంగతి, గ్లవ్‌ని, అంటే ఫీల్డింగ్‌ని చిన్నచూపు చూడకు. హోమ్ రన్లు కొట్టేవాళ్ళకి ఈ జబ్బు ఉంటది. టోమీ మొదట్లో థర్డ్ బేస్ ఆడేవాడు, 1997లో అదే చోట ఆడే మాట్ విలియమ్స్ టీముకి వస్తే ఫస్ట్ బేస్‌కి మారమన్నారు, మారాడు. తర్వాత ఫిలడెల్ఫియా వెళ్ళి 2003లో 47 కొట్టాడు, 2005లో నడుమూ మోచెయ్యీ పట్టేస్తే అతని చోట్లో ర్యాన్ హోవర్డ్ అనే కుర్రాడొచ్చి రూకీ ఆఫ్ ది ఇయర్ కొట్టేశాడు, టోమీని చికాగోకి పంపించేశారు. అక్కడ మళ్ళీ 42 కొట్టాడనుకో. ఆ హోవర్డ్ 2006లో 58 కొట్టి ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 12.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నాడు, అది మొదలవ్వాల్సింది 2012లో. 2011 ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా ఆఖరి అవుట్ అతనే, గ్రౌండ్ బాల్ కొట్టి బాక్సులోంచి పరిగెత్తబోతుంటే మడమ దగ్గర నరం తెగి అక్కడే కూలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్ళు. మళ్ళీ పాత హోవర్డ్ రాలేదు, బ్యాట్ బలం ఒక్కటే నమ్ముకుంటే అది ఒక్కరోజులో పోవచ్చు. టీవీలో చూస్తూ మీ అత్తయ్య ఆ రోజు అన్నం వడ్డించడం ఆపేసింది.

క్రిస్ డేవిస్‌ది ఇంకో రకం. 2013లో 53 హోమ్ రన్లు, తర్వాత ఏడేళ్ళ ఒప్పందానికి 16.1 కోట్ల డాలర్లు. 2018 చివర్లోంచి 2019 ఏప్రిల్ దాకా వరసగా 54 అట్-బ్యాట్లు ఒక్క హిట్ లేకుండా గడిపాడు, మేజర్ లీగ్‌లో పిచర్ కాని ఆటగాడికి అదే రికార్డు. యాభై నాలుగురా. నీది పన్నెండు. యాభై అయిదోసారి కూడా హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాడు చూడు, అంతకుముందు జనం గేలి చేసినా, ఆ నడకని నేను 53 కంటే ఎక్కువ లెక్కేస్తా. మీ అత్తయ్య ఒప్పుకోదు, అన్ని కోట్లిస్తే నేనూ నడుస్తానంటది.

సరే చాలా రాశా, వేళ్ళు నొప్పెడుతున్నాయి. మేపుల్ చెక్క బ్యాట్ ఒకటి పార్సిల్ చేశా, 33 అంగుళాలు, పౌడర్ స్ప్రే డబ్బా, చిన్న నోటుబుక్ కూడా అందులోనే పెట్టా. గురువారానికి వస్తది. శనివారం ఆటలో కొట్టినవి రాయొద్దు, వదిలేసిన బంతులు రాసి ఫోటో పెట్టు. బ్యాట్ విరిగితే పారెయ్యకు, ఎక్కడ విరిగిందో నేను చూడాలి.

మీ మావయ్య